తమ్ముళ్ళు హక్కు విడుదల కాగితం తెచ్చారు, సంతకం పెట్టాలా వద్దా?

పాలకొల్లు దగ్గర ఊరి నుంచి ఒక అక్కగారు ఆరు పేజీల ఉత్తరం రాశారు, పేరూ ఊరూ వేయొద్దన్నారు, వేయట్లేదు. ఆవిడకి 60 ఏళ్ళు. పుట్టిల్లు చించినాడ వంతెన దాటాక రాజోలు వైపు. 1984లో పెళ్ళయింది. ఇద్దరు తమ్ముళ్ళు, ఇద్దర్నీ చంకనేసుకుని తిప్పింది తనేనంటున్నారు. నాన్నగారు 2019లో పోయారు. తాతగారి నాటి చేను 3 ఎకరాలు, నాన్నగారు 1978లో కొన్న కొబ్బరితోట 80 సెంట్లు. అమ్మగారికి 80 ఏళ్ళు, చిన్న తమ్ముడి దగ్గర ఉంటున్నారు. పెద్ద తమ్ముడు ఈవిడకి మాటమాత్రం చెప్పకుండా చేనంతా రొయ్యల చెరువుకి 5 ఏళ్ళకి లీజుకిచ్చాడు, ఎకరానికి ఏడాదికి 60 వేలు, ఇప్పటికే ఓ పక్క పొక్లెయిన్ దిగింది.

కిందటి నెల ఇద్దరూ కలిసి వచ్చారట. రెండు గెలల అరటిపళ్ళు, ఒక పాలిథిన్ కవర్లో స్టాంపు కాగితాలు. భోజనం అయ్యాక కవర్ తీసి "అక్కా, ఇక్కడిక్కడ సంతకం పెట్టు, ఎల్లుండి రిజిస్టర్ ఆఫీసుకి కారు పంపిస్తాం" అన్నారు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ఇంటూ మార్కులు పెట్టి ఉన్నాయి. అది హక్కు విడుదల దస్తావేజు, అంటే ఆస్తిలో తన వాటా తమ్ముళ్ళకి వదిలేస్తున్నట్టు రాసిచ్చే కాగితం. ఈవిడ ఆలోచించుకుంటానంటే మాట మారింది. నీ పెళ్ళప్పుడే కట్నం, పసుపు కుంకుమ అన్నీ ఇచ్చేశాం అన్నారు, ఎన్టీఆర్ చట్టం నీకు వర్తించదు అన్నారు, నాన్న 2003లోనే పెద్దమనుషుల ముందు మాకిద్దరికీ పంచేశారు అన్నారు, 2016లో వీలునామా కూడా రాశారు అన్నారు, పాస్‌బుక్కులు మా పేర్లమీదే ఉన్నాయి అన్నారు. చివర్లో చిన్న తమ్ముడు ఇంకో మాట కూడా అన్నాడు. 2022లో వీళ్ళ అబ్బాయి ఫీజుకి 3 లక్షలు ఇచ్చినప్పుడు బావగారు సంతకం చేసిచ్చిన ఖాళీ చెక్కు తన దగ్గరుందట, "అది బ్యాంకులో వేసేస్తే బావ కోర్టు చుట్టూ తిరగాలి" అన్నాడు. వచ్చే మాఘంలో ఈవిడ కూతురి పెళ్ళి. "కేసు వేస్తే నా కూతుర్ని బుట్టలో ఎవరు మోసుకొస్తారు సార్" అని రాశారు ఆఖర్న.

అక్కగారూ, ముందు ఆ బుట్ట సంగతి పక్కన పెడదాం, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. నేను మీ కాగితాలు చూడలేదు, మీరు రాసిన దాన్ని బట్టే చెప్తున్నాను, ఇది గుర్తుపెట్టుకోండి.

మీ ఉత్తరంలో నాకు బాగా తగిలింది ఏంటంటే మీ తమ్ముళ్ళు చెప్పిన కారణాలు ఒకదానికొకటి పొసగవు. 2003లోనే నాన్నగారు ఆస్తంతా ఇద్దరికీ పంచేసి ఉంటే 2016లో ఆయన దేనికి వీలునామా రాసినట్టు? వీలునామా గట్టిదే అయితే మీ సంతకంతో పనేంటి? పాస్‌బుక్కులు చాలనుకుంటే ఇంటిదాకా వచ్చి పెన్సిల్ మార్కులు ఎందుకు పెట్టినట్టు? నాకు అర్థమైనంతలో చెరువు లీజు తీసుకునేవాళ్ళో, లోనిచ్చే బ్యాంకో, రేపు కొనేవాళ్ళో "ఆడపిల్ల ఉందిగా, ఆవిడ సంతకం ఏది" అని అడిగి ఉంటారు. ముప్పై ఏళ్ళకి పైగా చూస్తున్నాను, అవసరం లేని సంతకం కోసం ఎవరూ అరటిగెల మోసుకురారు.

ఇక ఒక్కోటీ విప్పుదాం. ఎన్టీఆర్ చట్టం మాట సగం నిజం. ఇక్కడ ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ 1986లో చట్టం తెచ్చారు, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు అన్నారు, కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయినవాళ్ళకి అది లేదు. మీ పెళ్ళి 1984, కాబట్టి అప్పట్లో నిజంగానే మీరు బయటే. మన వైపు చాలామంది ఇళ్ళల్లో లెక్క అక్కడే ఆగిపోయింది. కానీ 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని మార్చింది, అందులో పెళ్ళయిందా కాలేదా అన్న తేడాయే లేదు. ఆ మార్పు మీద కూడా కొన్నేళ్ళు గొడవ నడిచింది, 2005 నాటికి తండ్రి బతికుండాలా అక్కర్లేదా అని. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ తేల్చేసింది, కూతురికి హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి ఆ తేదీకి బతికున్నాడా లేదా అన్నది చూడక్కర్లేదు అని. మీకైతే ఆ గొడవ కూడా లేదు, మీ నాన్నగారు 2019 దాకా ఉన్నారు, తండ్రి బతికుండాలన్న పాత తీర్పు ప్రకారం చూసినా కొత్త తీర్పు ప్రకారం చూసినా మీరు లోపలే.

2003 పంపకం సంగతి. 2004 డిసెంబర్ 20కి ముందు జరిగిన పంపకాలని చట్టం కదపదు, నిజమే. కానీ రిజిస్టరయిన దస్తావేజో కోర్టు డిక్రీయో ఉండాలి. నోటి పంపకం అంటే వట్టి సాక్షుల మాట మీద ఒప్పుకోకూడదని అదే వినీతా శర్మ తీర్పులో ఉంది, అప్పటినుంచీ విడివిడిగా ప్రభుత్వ రికార్డులు నడిచి ఉంటే ఆ అరుదైన సందర్భం వేరు. మీ తమ్ముళ్ళ దగ్గరున్నది తెల్లకాగితం అన్నారు, పాస్‌బుక్కులు మారింది నాన్నగారు పోయాక 2020లో అన్నారు. అంటే 2003 నుంచి 2019 దాకా రికార్డంతా నాన్నగారి పేరునే ఉన్నట్టు. పాత అడంగల్, 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డులు) కాపీలు తీయించండి, వాళ్ళ కథకి అడ్డం నిలబడేవి అవే. పాస్‌బుక్కులో పేరున్నంత మాత్రాన ఆస్తి ఆ పేరుగల వాళ్ళది అయిపోదని కోర్టులు ఎన్నిసార్లు చెప్పాయో లెక్కలేదు.

కట్నం, పసుపు కుంకుమ ఇచ్చాం కాబట్టి వాటా లేదు అనేది మన ఊళ్ళల్లో మాటే తప్ప చట్టంలో లేదు. అయితే ఆ పసుపు కుంకుమ కింద మీకు ఇచ్చింది ఏంటో మీరు రాయలేదు. భూమి ఇచ్చి ఉంటే, దానికి కాగితం ఉంటే, రాజీ మాటల్లో వాళ్ళు దాన్ని తీసుకొస్తారు, అప్పుడు తడబడకుండా ముందే లెక్క దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, దీన్ని మీరు ఒక్క ముక్కలో దాటేశారు: "మా తాతగారు నేను పుట్టకముందే పోయారు" అని. అక్కగారూ, మొత్తం కేసు ఇక్కడుంది. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న వచ్చింది. తాతగారు అంతకుముందే పోయి ఉంటే ఆ 3 ఎకరాలు నాన్నగారి చేతికి పిత్రార్జితంగా వచ్చినట్టు, అందులో మీకు పుట్టుకతో హక్కు. 1956 తర్వాత పోయి ఉంటే ఆయన వాటాగా నాన్నగారికి వచ్చిన భాగం నాన్నగారి సొంత ఆస్తి కిందకి వెళ్తుంది, 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. సొంత ఆస్తి అయితే ఆయన వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. మీరు పుట్టింది 1965 కాబట్టి "నేను పుట్టకముందు" అంటే రెండూ అవ్వచ్చు. దీన్ని తేల్చడానికి లాయర్ అక్కర్లేదు, అమ్మగారి పక్కన కూర్చుని "నీ పెళ్ళికి మామగారు ఉన్నారా?" అని అడగండి. ఉన్నారు అంటే 1956 తర్వాతే అన్నమాట, అమ్మగారి వయసుని బట్టి ఆ పెళ్ళి 60ల్లోనే అయి ఉంటుంది. లేరు అంటే అప్పుడు పాత చావుపుట్టుకల రిజిస్టరు, పాత శిస్తు రసీదులు వెతకాలి, 1953 గోదావరి వరదకి ముందు పోయారా తర్వాతా అని ఊళ్ళో ముసలివాళ్ళనీ అడగాలి.

లెక్క ఎలా మారుతుందో చూడండి. పిత్రార్జితం అనుకుంటే 3 ఎకరాల్లో నాన్నగారు, మీరు, ఇద్దరు తమ్ముళ్ళు నాలుగు సమాన వాటాలు, తలా 75 సెంట్లు. నాన్నగారి 75 సెంట్లు మళ్ళీ అమ్మగారికి, మీ ముగ్గురికి నాలుగు భాగాలు, అంటే మీకు మొత్తం 93 సెంట్ల ముప్పావు. వీలునామా చెల్లినా అది నాన్నగారి 75 సెంట్ల వరకే, మీ 75 సెంట్లు ఎవరూ కదపలేరు. అదే చేనంతా నాన్నగారి సొంతం అని తేలితే, వీలునామా చెల్లకపోతే మీకు 75 సెంట్లు, చెల్లితే సున్నా. కొబ్బరితోట ఆయన సొంతమే, వీలునామా చెల్లకపోతే 20 సెంట్లు, చెల్లితే ఏమీ లేదు. అందుకే తమ్ముళ్ళు వీలునామా మీద అంత నమ్మకం పెట్టుకున్నారు, అందుకే మీరు దాన్ని చూడాలి.

చూడటం కష్టం కాదు. వీలునామా రిజిస్టరయి ఉంటే, రాసినాయన పోయాక నకలు ఎవరడిగినా ఇస్తారు, డెత్ సర్టిఫికెట్ పట్టుకుని రిజిస్టర్ ఆఫీసుకి వెళ్ళి అప్లికేషన్ పెట్టండి. మీరు రాసిన ఒక ముక్క నన్ను ఆపేసింది: నాన్నగారికి 2015లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పనిచేయలేదు, అన్నం కూడా ఎడమచేత్తోనే, కానీ తమ్ముడు ఫోన్‌లో చూపించిన వీలునామా ఫోటోలో నిటారుగా, తీరుగా సంతకం ఉంది. రిజిస్టర్ అయినంత మాత్రాన వీలునామా రుజువైపోయినట్టు కాదు, సాక్షి సంతకం చేసినవాళ్ళలో ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి, అనుమానం వచ్చే సంగతులు ఉంటే వాటిని తీర్చాల్సిన బాధ్యత వీలునామా చూపించేవాళ్ళదే, 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసు దగ్గర్నుంచి సుప్రీంకోర్టు చెప్తున్న మాట ఇది. అలాగని ఎగిరి గంతేయకండి. పక్షవాతం వచ్చినవాళ్ళు కొందరు కోలుకుని సంతకం పెడతారు. అప్పటి ఆసుపత్రి కాగితాలు, ఆ తర్వాత బ్యాంకులో నాన్నగారు సంతకం పెట్టారా వేలిముద్ర వేశారా, ఇవి దొరికితే అప్పుడు మాట్లాడాలి.

చెక్కు గురించి. ఇది భూమికి ఏమాత్రం సంబంధం లేని వ్యవహారం, రెండిటినీ కావాలని ఒకే ముడిలో వేశారు, మీరు విడదీయండి. ఖాళీ చెక్కు కదా చెల్లదులే అని మీ వారు అనుకుంటున్నారట, తప్పు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఖాళీగా ఇచ్చిన చెక్కు అయినా బాకీ కోసమే ఇచ్చారని కోర్టు మొదట అనుకుంటుంది, 2019లో బీర్ సింగ్ కేసు అదే చెప్పింది. కానీ మీరు ఇప్పటికే లక్షా 20 వేలు ఫోన్‌పేలో తిరిగిచ్చేశామన్నారు, ఆ హిస్టరీ ఇవాళే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. కొంత తీర్చాక కూడా మొత్తం 3 లక్షలకీ చెక్కు వేస్తే అది చెక్ బౌన్స్ నేరం కిందకి రాదని 2022లో దశరథ్‌భాయ్ కేసులో తేల్చారు. అతను తెలివిగా లక్షా 80 వేలే రాసి వేస్తే మాత్రం చెల్లుతుంది. చెక్కు తిరిగొచ్చాక 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక 15 రోజుల టైము ఉంటుంది, ఆ లోపల కట్టేస్తే కేసు లేదు. నన్నడిగితే పెళ్ళి ఖర్చుల్లో అయినా సరే ఈ లక్షా 80 వేలు ఎలాగోలా ముందే బ్యాంకు ద్వారా పంపేసి, చెక్కు వెనక్కి ఇమ్మని వాట్సాప్‌లో అడగండి. బాకీ బాకీయే, తీర్చాల్సిందే. అది తీరిపోతే వాళ్ళ చేతిలో బెదిరించడానికి ఏమీ మిగలదు, ఇంట్లో ఈయన కూడా రాత్రిళ్ళు నిద్రపోతారు.

ఇప్పుడు మీ ముందు ఏమున్నాయి. సంతకం పెట్టేయచ్చు. నవ్వకండి, అది కూడా ఒక దారే, కొందరు అక్కచెల్లెళ్ళు మనస్ఫూర్తిగా ఇచ్చేస్తారు, తప్పేం లేదు. కానీ ఈ కాగితం మీద కాదు. మీరు రెండో పేజీ నుంచి రాసి పంపిన వాక్యం చూడండి, "నా వాటాకు గాను నాకు రావలసిన సొమ్ము యావత్తూ ఇదివరకే ముట్టినది గనుక" అని. మీకు ఒక్క రూపాయి ముట్టలేదు. ముట్టిందని సంతకం చేశాక రేపు ముట్టలేదు అంటే వినేవాడుండడు, రిజిస్టరయిన దస్తావేజు రద్దు చేయించాలంటే మోసం జరిగిందని మీరే రుజువు చేసుకోవాలి, అదీ తెలిసిన మూడేళ్ళ లోపు. ఇవ్వాలనుకుంటే ఉన్నది ఉన్నట్టు రాయించి, అమ్మగారికి జీవితాంతం తిండి, మందులు చూడాలన్న షరతు కూడా అందులో వేసి ఇవ్వండి.

రెండోది, సంతకం పెట్టకుండా ఊరుకోవడం. చాలామంది ఇదే చేస్తారు, నోరు మంచిదైతే ఊరు మంచిది అనుకుని. మిమ్మల్ని ఆస్తి నుంచి పక్కన పెట్టారని తెలిసినప్పటి నుంచి 12 ఏళ్ళ గడువు ఉంటుంది, కాబట్టి రేపే కొంపేం మునిగిపోదు. మునిగేది చేను. ఒకసారి చెరువు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాక ఆ మట్టి మళ్ళీ వరికి ఎప్పుడొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ పక్క ఊళ్ళల్లోనే చూసుంటారు, గట్టు అవతల చేలు ఎర్రబడటం, బోరు నీళ్ళు నోట పెట్టలేకపోవడం. వాటాలు తేలేసరికి మీకొచ్చేది చెరువు గుంటే అవుతుంది. అనుమతి లేకుండా తవ్వుతుంటే రెవెన్యూ వాళ్ళకి, ఫిషరీస్ వాళ్ళకి అర్జీ పెట్టచ్చు, కానీ అది తమ్ముళ్ళ మీద కక్ష కోసం మాత్రం వాడకండి, లీజుకి తీసుకున్నవాడి డబ్బు కూడా అందులో ఇరుక్కుంటుంది, గొడవ ముగ్గురిది కాస్తా ఊరిదవుతుంది.

మూడోది, మీకు నేను ఎక్కువ చెప్పాలనుకున్నది. కేసు వేయకుండానే లోక్ అదాలత్‌కి వెళ్ళచ్చు. కోర్టు ప్రాంగణంలోనే మండల న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. మీరు అర్జీ పెడితే తమ్ముళ్ళని పిలిపిస్తారు. ఇష్టం లేకపోతే వాళ్ళు రాకపోవచ్చు, బలవంతం ఉండదు. వచ్చి రాజీ కుదిరితే రాసిచ్చే అవార్డుకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ, దాని మీద అప్పీలు లేదు. పెద్దమనుషుల తెల్లకాగితానికీ దీనికీ తేడా అదే, ఇది ఎవరూ వెనక్కి తిప్పలేరు, మీరు కూడా తిప్పలేరు, కాబట్టి వీలునామా నకలు చూడకముందు, అమ్మగారిని ఆ ప్రశ్న అడగకముందు అక్కడ ఏ అంకెకీ తలూపకండి. మీ కేసులో రెండు పక్కలా భయం ఉంది, వాళ్ళకి వీలునామా నిలబడుతుందో లేదో అని, మీకు చేను సొంతార్జితం అని తేలుతుందేమో అని. ఇద్దరికీ భయం ఉన్నప్పుడే రాజీ బాగా కుదురుతుంది అని నా అనుభవం. ఓ 50 సెంట్లు వంతెన వైపు మీకు వదిలి, లీజు డబ్బులో మీ భాగం ఇచ్చి, మిగతాది వాళ్ళు ఉంచుకోవడం లాంటి మధ్య లెక్కలు అక్కడ మాట్లాడుకోవచ్చు, కోర్టు అయితే వాటా లెక్కగట్టి ఇస్తుందే తప్ప ఇలా బేరం ఆడదు.

నాలుగోది పార్టిషన్ దావా, అంటే ఆస్తి పంచిపెట్టమని కోర్టులో వేసే కేసు. భూమి ఉన్నచోటే వేయాలి, విలువని బట్టి రాజోలు అయినా అమలాపురం అయినా, అంటే ప్రతి వాయిదాకీ మీరు వంతెన దాటాలి. ముందు వాటాలు తేల్చే ప్రాథమిక డిక్రీ, తర్వాత కోర్టు పంపిన కమిషనర్ వచ్చి కొలిచి హద్దులు వేశాక ఫైనల్ డిక్రీ, మధ్యలో అప్పీళ్ళు, ఏళ్ళు పడుతుంది, దాచడం దేనికి. కానీ లాభం ఏంటంటే దావా వేసిన రోజునుంచి వాళ్ళు అమ్మినా కొన్నవాడు మీ కేసు ఫలితానికి కట్టుబడాల్సిందే, తవ్వకం ఆపమని, అమ్మొద్దని ఇంజంక్షన్ అడగచ్చు, లీజు డబ్బు లెక్క అడగచ్చు. దావా వేశాక కూడా లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. పొక్లెయిన్ రేపో ఎల్లుండో మిగతా చేనులోకి దిగుతుంది అనిపిస్తే మాత్రం లాయర్ నోటీసు ఆలస్యం చేయకండి, అప్పుడు రాజీ మాటల కోసం ఎదురుచూస్తే చేను ఉండదు.

ఇక బుట్ట. మీరు ఈ మాట రాసినచోట సిరా చెదిరిపోయి ఉంది, నేను చూశాను. మీరు కేసు వేయకపోయినా, సంతకం పెట్టకపోయినా వాళ్ళు అలగచ్చు. సంతకం పెట్టినా వచ్చేస్తారని గ్యారంటీ లేదు, పని అయిపోయాక కనపడని తమ్ముళ్ళని కూడా చూశాను. అలాగే రెండేళ్ళు కోర్టులో ఎదురెదురు బెంచీల మీద కూర్చుని, మేనకోడలి పెళ్ళికి ముందురోజు రాత్రి వచ్చి పొద్దున్నే బుట్ట ఎత్తిన మేనమామనీ చూశాను, ఆ మర్నాడు వాయిదాకి కూడా అందరూ కలిసే ఒకే ఆటోలో వచ్చారు. మీ తమ్ముళ్ళు ఎలాంటివాళ్ళో నాకంటే మీకే తెలుసు. పెళ్ళి మాఘంలో కాబట్టి, తవ్వకం ఆగి ఉంటే, దావా పెళ్ళయ్యాకే వేసుకోవచ్చు, మీకున్న గడువుకి నష్టం లేదు. పెద్ద తమ్ముడికి ఫోన్ చేసి "సంతకం పెళ్ళయ్యాక మాట్లాడుకుందాం, ఈలోగా చేను ముట్టుకోవద్దు, శుభలేఖ మీ ఇద్దరి పేర్లతోనే వేయిస్తున్నా" అని చెప్పి చూడండి, అదే వాట్సాప్‌లో కూడా పెట్టండి. అతను ఏమంటాడో దాన్ని బట్టి మూడో దారా నాలుగో దారా మీకే తెలుస్తుంది.

ఆ పాలిథిన్ కవర్ ఇంకా మీ దగ్గరే ఉందన్నారు. తిరిగి ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి, పెన్సిల్ మార్కులు చెరపకండి. అమ్మగారు ఆ పెళ్ళి సంగతి ఏం చెప్పారో, వీలునామా నకల్లో సాక్షులు ఎవరో తెలిశాక మళ్ళీ రాయండి, ఈసారి రెండు పేజీలు చాలు.